పసుపు కింద పసుపు

ఆ మందు వాసన నాకు బాగుండేది. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. కానీ ఇది దాచి మిగతాదంతా చెబితే అబద్ధం చెప్పినట్టే అవుతుంది. జబ్బు నన్ను వెతుక్కుంటూ రాలేదు. పొద్దున్నే తల దువ్వుకుని, సద్ది తిని, నవ్వుకుంటూ నేనే దాని దగ్గరికి నడిచి వెళ్లాను.

నేను నాలుగో తరగతి దాకా చదివాను. గుండ్రంగా రాస్తానని మా ఆయనకు గొప్ప. ఈ నోటుబుక్కు ఆయనే తెచ్చాడు. "నిద్రల ఉలిక్కిపడుతున్నవ్. రాసిపారెయ్ రాదు, మనసు నిమ్మలమైతది," అన్నాడు. నిమ్మళం సంగతి తర్వాత. ముఖానికి పసుపు పెట్టుకునే ఆడవాళ్లు, పేరు తెలియని మందుతో పనిచేసేవాళ్లు ఎవరైనా ఇది చదివితే చాలు, లేదా ఎవరితోనైనా చదివించుకుంటే చాలు. అందుకే రాస్తున్నాను.

ఆషాఢం

మాది మోత్కూర్. మగ్గం మీద బతికే ఇల్లు. మా ఆయన ఒక మగ్గం, మా మరిది ఒక మగ్గం నేస్తారు. నేనూ, మరిది భార్య భారతమ్మా ఇంట్లో కూర్చుని నూలు కండెలు చుట్టేవాళ్లం. పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక బట్టల షావుకారు మా ఊళ్లో గోదాం తెరిచాడు. చుట్టుపక్కల ఊళ్లలో నేసిన చీరలన్నీ అక్కడికి తెప్పించి, మరకలు తీయించి, మడతలు వేయించి పట్నం పంపేవాడు. మగ్గం మీది చీరకు మరకలు తప్పవు. పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడెకు రాసిన నూనె అంటుతుంది, దీపం నూనె చిందుతుంది, నేసేవాడి తలనూనె కూడా అంటుతుంది. ఆ మరకలు తుడవడానికి ఆడవాళ్లు కావాలంటే నలుగురం చేరాం. అందులో నేనూ భారతమ్మా ఉన్నాం.

మందు పెద్ద రేకు డబ్బాలో వచ్చేది. చూడటానికి నీళ్లే. దాని పేరేమిటో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. మరకల మందు అనుకున్నాం, అంతే. గుడ్డముక్క ముంచి మరక మీద అద్దితే మరక మాయమయ్యేది. తడి కూడా కళ్ల ముందే ఆరిపోయేది. ఆరిపోయిన ఆ తడంతా ఎక్కడికి పోతోందని నలుగురిలో ఒక్కరమూ ఆలోచించలేదు.

మొదటిరోజే గోదాం గుమాస్తా మాకు ధైర్యం చెప్పాడు. "పెట్రోలు గాదు, భయపడకుండ్రి. దీనికి నిప్పంటదు," అని అగ్గిపుల్ల గీసి మందు గిన్నెలో పడేశాడు. పుల్ల చుయ్యిమని ఆరిపోయింది. మేం నోళ్లు తెరుచుకుని చూశాం. నిప్పంటని దానికి ఇంక భయమెందుకు?

ఆ గదికి ఒక తలుపు, రెండు కిటికీలు. బండ్ల బాట దుమ్ము చీరల మీద పడుతుందని మూడూ మూసేసేవారు. మేం చాపల మీద కూర్చుని, ముందు పీట, పీట మీద గిన్నె పెట్టుకుని పనిచేసేవాళ్లం. గుమాస్తా గడప అవతల కుర్చీలో ఉండేవాడు. ఆయనకు వాసనే రాదనేవాడు. గంట గడిస్తే మాకూ రావడం మానేసేది. ముక్కు అలవాటుపడింది కాబోలు, అంటే పని వచ్చేసినట్టే అనుకుని మురిసిపోయాం.

మొదట్లో మాత్రం ఎంత తియ్యగా ఉండేదో! బెల్లం పాకం పక్క పొయ్యి మీద కాగుతున్నట్టుండేది. మధ్యాహ్నానికి తల తేలికయ్యేది. ఒళ్లో పరిచిన చీర అంచు మెల్లగా కదిలేది. ఎర్ర అంచు చాప మీదికి జారి, నా మోకాలి మీదుగా పారి, భారతమ్మ ఒళ్లోని నీలం చీరలో కలిసినట్టనిపించేది. మా అమ్మ చచ్చిపోయి ఆరేళ్లయింది. ఆ గదిలో ఆమె గొంతు రెండుసార్లు విన్నాను. "నర్సీ, జడేసుకోవే," అంది. నాకేం భయం వేయలేదు. గుడ్డ ముంచి, పిండి, అద్దుకుంటూ అలాగే వింటూ కూర్చున్నాను. పక్కన భారతమ్మ ఏమీ లేకుండానే కిసుక్కున నవ్వేది. దాన్ని చూసి నేను నవ్వేదాన్ని. ఎందుకు నవ్వుతున్నామో ఇద్దరికీ తెలియదు. సాయంత్రం ఇంటికి వెళుతుంటే కాళ్లు నేలకు ఆనేవి కావు. ఇంట్లో పొద్దంతా రాట్నం ముందు కూర్చునే ఆడవాళ్లకు అది పండుగలాగే ఉండేది.

శ్రావణం

శ్రావణం వచ్చేసరికి తిన్నది కడుపులో నిలవడం మానేసింది. పొద్దున్నే వాంతి, అన్నం వాసన పడదు. మా అత్తమ్మ ముఖం చేటంత అయింది.

"ఎన్నో నెలనే?" అంది చెవి దగ్గరికి వచ్చి.

"నెలా లేదు గిలా లేదత్తమ్మా. తిన్నది పడతలేదు."

"సిగ్గువడకే, నాతోని గూడ సిగ్గేంది!" అని పుల్లమామిడి తొక్కు తెచ్చి నా ముందు పెట్టింది. భారతమ్మ ఇంకా రెచ్చిపోయింది. "ఈసారి పిలగాడే అక్కా, నీ నడక జూస్తెనే తెలుస్తాంది," అని వాడకట్టంతా చాటింది. వారం తిరగకుండానే నెలసరి వచ్చి నేను మూల కూర్చున్నాను. అత్తమ్మ తొక్కు జాడీ తీసి మళ్లీ ఉట్టి మీద పెట్టేసింది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. వాంతులు మాత్రం ఆగలేదు. కానీ వాటి సంగతి ఎవరూ మళ్లీ అడగలేదు. కడుపు కాదని తేలాక అవి ఒట్టి వాంతులే అయిపోయాయి.

ఇక పసుపు సంగతి చెప్పాలి. మా ఇంట్లో శ్రావణ శుక్రవారాలంటే ముఖానికి, మెడకు, మోచేతుల దాకా, కాళ్లకు పసుపు పెట్టాల్సిందే. మిగతా రోజుల్లో కూడా పసుపు లేని ముఖంతో గడప దాటితే అత్తమ్మ వెనక్కి పిలిచేది. ఆ నెల నా ముఖానికి పసుపు పట్టినట్టు ఇంకెవరికీ పట్టలేదు. పక్కింటామె గోడ మీంచి వంగి మరీ అడిగింది. "ఏం పసుపే నర్సమ్మా? ముఖం గట్ల నిగనిగలాడుతాంది. ఏ దుకాణంల కొన్నవ్?"

నిజం చెబుతున్నాను, నేను పొంగిపోయాను. అద్దంలో చూసుకుని మెడ అటూ ఇటూ తిప్పుకున్నాను. కాళ్లు వాచి కడియాలు బిగుసుకుంటున్నా, ఒంటికి పోతే మూత్రం టీ నీళ్లలా వస్తున్నా, ముఖం బాగుంది కదా అని సరిపెట్టుకున్నాను. నా అంత తెలివితక్కువది ఉంటుందా అని ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు ఆ ఇంట్లో అందరికీ అంతే తెలివి ఉంది.

నీరసం ఎక్కువై పీట ముందు కూర్చోలేకపోయాను. నల్లగొండలో మా పుట్టింటి దగ్గర నాలుగు రోజులు ఉంటే బాగవుతుందని మా ఆయన బయల్దేరదీశాడు. నార్కట్‌పల్లిలో బస్సు మారాలి. అక్కడ దిగీ దిగగానే లారీల పొగకు కడుపు తిప్పి రోడ్డు పక్కనే వాంతి చేసుకున్నాను. ఎదురుగా చాయ్ హోటల్ నడిపే ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. పెద్ద ఒళ్లు, పెద్ద గొంతు.

"కడుక్కో బిడ్డా. ముఖం గూడ కడుక్కో, పానం లేచొస్తది."

కడుక్కున్నాను. ఆమె నా వంక చూసి, "ఇంకా కడుగు. పసుపు పోలె," అంది. మళ్లీ కడిగాను. ఆమె భుజం మీది తెల్ల తువాల తడిపి నా చెంప మీద గట్టిగా రుద్దింది. తువాల చూసింది. మళ్లీ రుద్దింది. ఈసారి తువాలను మా ఆయన ముందు పట్టింది.

మా ఆయన రంగులద్దిన నూలు కొనేటప్పుడు ఎప్పుడూ అదే పని చేస్తాడు. తడి తెల్లగుడ్డతో నూలును రుద్ది చూస్తాడు. గుడ్డకు రంగు అంటకపోతే ఆ నూలు మంచిది. "రంగు దిగుతలేదు," అంటాడు. మా ఇంట్లో దానికి మించిన మెప్పు మాట లేదు. ఆ రోజు తువాలను ఎండలోకి పట్టి చూశాడు. తెల్లగా ఉంది. నా చెంప పచ్చగానే ఉంది.

"రంగు దిగుతలేదు," అన్నాడు. తువాలను మడిచి ఆమె చేతికిచ్చాడు.

హోటలామె నా కనురెప్ప కిందికి లాగింది. "కండ్లు జూడయ్యా నువ్వు. ముఖానికైతె పసుపు పెట్టుకున్నది, కండ్లకెవరు పెట్టిన్రు? పుట్టినిల్లు లేదు గిట్టినిల్లు లేదు, సక్కగ దవాఖానకు తోల్కపో." చాయ్‌కి పైసలు తీసుకోలేదు. ఆమె పేరు అడగాలని కూడా మాకు తోచలేదు. ఆ తర్వాత రెండుసార్లు అటు వెళ్లాం. హోటల్ మూసే ఉంది.

భాద్రపదం

నల్లగొండ దవాఖాన వరండాలో కూర్చోవడమంటే ఏమిటో కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. గోడకు ఆనుకున్న చోట సున్నం మీద తలనూనె మరకలు వరుసగా ఉంటాయి, ఎంతమంది అక్కడ తలలు ఆనించి ఎదురుచూశారో. మరకలు కనబడితే తుడవాలనిపించే అలవాటు కదా, నా వేళ్లు ఊరికే కదిలాయి. ఆ మందే కారణమని అప్పుడు కూడా నాకు తట్టలేదు.

డాక్టరమ్మ చిన్నది. కళ్లద్దాలు. చాలా ఓపికగా అడిగింది. తాగే నీళ్లెక్కడివి, ఇంట్లో ఇంకెవరికైనా కామెర్లున్నాయా, ఏం తిన్నావు. చివరికి, "ఏం పని చేస్తావమ్మా?" అంది.

"మాది మగ్గం పనే డాక్టరమ్మా," అన్నాడు మా ఆయన.

నేను నోరు తెరిచి మళ్లీ మూశాను. కూర్చుని చీరలు తుడవడం కూడా ఒక పనేనా, ఆమె ముందు చెప్పుకోవడానికి? మా వైపు పని అంటే మగ్గం, నాట్లు, రాళ్లు మోయడం. మిగతాదంతా కూసొని చేసేది. ఆ ఒక్కమాట నేను మింగేసినందుకు ఎన్ని రోజులు వృథా అయ్యాయో!

మంచం మీద పడుకోబెట్టి సూదులు, గ్లూకోజు మొదలుపెట్టారు. మూడో రోజుకు అత్తమ్మ ముంతలో ఆకుపసరు పట్టుకుని దిగింది. బయటిదేదీ కడుపులోకి పోకూడదని డాక్టరమ్మ చెప్పింది. మా ఆయన ముంత పట్టుకెళ్లి వరండాలో పెట్టాడు. తల్లీ కొడుకులు అక్కడే మొదలుపెట్టారు.

"నేను సంపుతనారా నా కోడలిని? మీ నాయినకు కామెర్లయితే ఎవరు తగ్గించిన్రు?"

"అవ్వా, జర నిమ్మలంగ. ఆమెకు ఇనబడ్తది."

"ఇననియ్యి! దవాఖాన గోలీలే దేవుళ్లయినయ్ నీకు!"

ఆమె ఆ ముంతను పారబోయలేదు, నాకు తాగించనూ లేదు. ఎండిపోయేదాకా మంచం కిందే ఉంచుకుంది. రోజంతా సణుగుతూనే నా వాచిన పాదాలు ఒళ్లో పెట్టుకుని నిమిరేది. ఆమె మీద కోపం తెచ్చుకుందామంటే ఆ చేతులు తెచ్చుకోనిచ్చేవి కావు.

ఒకరోజు కిటికీ అవతల డాక్టరమ్మ గొంతు వినబడింది. "ఈ నాలుగైదు రోజులు గడవాలి," అని మా ఆయనతో చెబుతోంది. ఆయన లోపలికి వచ్చి నా మంచం పట్టీ మీద కూర్చుని, నా కొంగు అంచులో పోగులు లెక్కపెడుతున్నట్టు వేళ్లతో తడిమాడు. నాకు చావు భయం అప్పుడు తెలిసింది. ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి నేను తప్ప ఎవరు జడవేసినా నచ్చదు. భయపడి ఏడుద్దామంటే ఏడవడానికి కూడా సత్తువ లేదు.

ఆ నాలుగైదు రోజులు నాకు ముక్కలుగానే గుర్తున్నాయి. వార్డు కప్పు నుంచి చీరలు వేలాడుతుండేవి. ఎన్ని చీరలో, అన్నీ తడి చీరలు. వాటి మధ్య నుంచి మా అమ్మ నడిచి వచ్చేది. "నర్సీ, జడేసుకోవే." వెళదామని లేస్తే ఎవరో కొంగు పట్టుకునేవారు. కళ్లు తెరిస్తే పక్క మంచం ఎంకమ్మ చెయ్యి. ఆమెది పాలమూరు వైపు. నందికొండ దగ్గర కృష్ణ మీద కట్టే ఆనకట్ట పనికి వచ్చి రాయి పడి కాలు విరగ్గొట్టుకుంది. కాలికి పిండికట్టు, మంచం దిగలేదు. అయినా పడుకునే చెయ్యి చాచి జావ గ్లాసు నా మూతి దగ్గర పట్టేది.

"సచ్చుడుకు శాన దినాలున్నయ్ బిడ్డా. ముందుగాల గీ జావ తాగు."

"పడతలేదక్కా."

"పడకుంటె కక్కు. కక్కి మల్ల తాగు. నాకేం పనుంది, గ్లాసు పట్టుకునే ఉంట."

కక్కాను, తాగాను. అట్లా నాలుగు రోజులు గడిచాయి, తర్వాత ఇంకో నాలుగు. ఒక పొద్దున వార్డు కప్పు ఒట్టి కప్పులా కనబడింది. మా అమ్మ మళ్లీ రాలేదు. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

బతుకమ్మ దినాలు

తంగేడు పూలు కొంగులో కట్టుకుని భారతమ్మ నన్ను చూడటానికి వచ్చింది. పండుగని ముఖం నిండా పసుపు, కళ్లకు కాటుక. నవ్వుతూ నా మీదికి వంగింది.

ముందు నా కడుపుకు తెలిసింది. దాని చీరలోంచి, జుట్టులోంచి ఆ తియ్యటి వాసన వచ్చింది. నెల రోజులు దూరంగా ఉన్న ముక్కు కదా, అలవాటు పోయింది. తల పక్కకు తిప్పి తాగిన జావంతా కక్కేశాను.

"నువ్వింకా పోతున్నవా ఆడికి?" అన్నాను ఊపిరి అందాక.

"పోకేం జెయ్యాలె? నీ జాగల నేనే కూసుంటున్న అక్కా. కిటికీ మూల మంచిగున్నది. నీ చీరలు గూడ నేనే తుడుస్తున్న, నువ్వచ్చేదాంక." నా చోటు కాపాడుతున్నానని చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చింది పిచ్చిది.

దాని ముఖం చూశాను. నిగనిగలాడుతోంది. పసుపే, కానీ ఎంత పసుపు పైది, ఎంత కిందిది? కళ్లు చూద్దామంటే ఎర్రగా మండిపోయి ఉన్నాయి, పైగా కాటుక కరిగి ఉంది. నా కళ్లనే నమ్మలేని రోజులవి. మంచం మీది తడిగుడ్డ తీసి దాని చెంప మీద రుద్దబోయాను.

భారతమ్మ చటుక్కున వెనక్కి గెంతింది. "ఏం జేస్తున్నవక్కా! ముత్తైదువ ముఖం మీద పసుపు తుడుస్తవా? పండుగ పూట?"

అత్తమ్మ నా చేతిలోంచి గుడ్డ లాక్కుంది. "దీనికి జరం తలకెక్కింది!" అంది. మా వైపు ఒకరి ముఖం మీద పసుపు ఇంకొకరు తుడిచేది ఒక్క సందర్భంలోనే. మొగుడు పోయినప్పుడు. నాకది తెలియక కాదు. కానీ ఇంకేం దారి ఉంది? "ఒక్కసారే భారతీ, జరసేపే," అని బతిమాలాను. అది ఏడ్చుకుంటూ వెళ్లిపోయింది. తంగేడు పూలు నేల మీద పడిపోయాయి. అత్తమ్మ వాటిని ఏరుతూ నన్ను తిట్టింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మకు మందు సంగతి చెప్పాను. ఆమె కళ్లద్దాలు తీసి నా వైపు చూసింది. "ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు పనేందని అడిగిన్రు గద. గది పని గాదు, కూసొని తుడుసుడు."

మందు పేరు కావాలంది. డబ్బా మీద ఇంగ్లీషు ఉంటుంది, మాలో ఎవరికీ రాదు. మా ఆయన చీరలు ఇచ్చే నెపంతో గోదాంకు వెళ్లి, చీర అంచుకు పూవు గీసుకున్నట్టు ఆ అక్షరాలను గళ్ల కాగితం మీద ఒక్కొక్కటే గీసుకొచ్చాడు. అర్థం ఒక్కటీ తెలియదు, వంపు ఒక్కటీ తప్పలేదు. డాక్టరమ్మ చదివింది. "కార్బన్ టెట్రాక్లోరైడ్." ఇంకా చెప్పింది. నిప్పంటదు నిజమే, కానీ పీల్చినవాళ్ల కాలేయాన్ని తింటుంది. దాని ఆవిరి గాలి కంటే బరువు, కిందికి దిగి నేల మీదే ఉండిపోతుంది. పైన కుర్చీలో కూర్చున్నవాడికి వాసన రాకపోవచ్చు. హైదరాబాదులో ఫ్యాక్టరీలు తనిఖీ చేసే ఆఫీసుకు ఉత్తరం రాస్తానంది.

ఆ మాటలు మా ఆయన ఇంటికి మోసుకెళ్లాడు. మిగతా ఇద్దరు ఆడవాళ్లు పని మానేశారు. భారతమ్మ మానలేదు. "పసుపు తుడువొచ్చిన ఆమె మాట నేనింటనా?" అందట. మరిది కూడా, "నీ పెండ్లానికి పడలేదని నా పెండ్లాం మానాలెనా?" అన్నాడట. దాని మొండితనం నాకు తెలుసు. ఆ తియ్యదనం కూడా నాకు తెలుసు.

కార్తీకం

ఇంటికి వచ్చాను. గోడ పట్టుకుని నడిచేదాన్ని. భారతమ్మ ఒకే కప్పు కింద ఉంటూ నా వైపు చూసేది కాదు. పొద్దున్నే పసుపు పెట్టుకుని వెళ్లేది, సాయంత్రం తలపోటని పడుకునేది. ఒకరోజు పెరట్లో దాని వాంతి చప్పుడు విన్నాను. ఆ రోజు అన్నం ముట్టలేకపోయాను.

తనిఖీకి హైదరాబాదు నుంచి సారు వచ్చే రోజు గుమాస్తాకు ముందే తెలిసింది. తలుపు, కిటికీలు పొద్దున్నుంచీ బార్లా తెరిపించి, సాంబ్రాణి పొగ వేయించాడు. సారు సన్నగా, ప్యాంటు మడత నలగకుండా ఉన్నాడు. ఆయన చేతిలో రబ్బరు బుడ్డి, దాని మూతికి సన్నటి గాజు గొట్టం. గొట్టంలో తెల్లటి పొడి. బుడ్డి నొక్కి వదిలితే గదిలో గాలి గొట్టంలోంచి వెళుతుందట, గాలిలో మందుంటే పొడి రంగు మారుతుందట. గది మధ్యలో నిలబడి నొక్కాడు. పొడి తెల్లగానే ఉంది.

"నేను జెప్పలేదా సార్?" అన్నాడు గుమాస్తా.

నేను అత్తమ్మ భుజం పట్టుకుని గడప దగ్గర నిలబడి ఉన్నాను. ఉండబట్టలేకపోయాను. "సారూ, గా తలుపులు ఏ దినం తెరిచిన్రు? గట్ల నిలవడి ఎవరు పనిజేస్తరు?"

"నర్సమ్మా, నీకేం పని ఈడ?" అని గుమాస్తా ముందుకొచ్చాడు.

సారు చెయ్యి ఎత్తి ఆపాడు. "రోజూ ఎలా చేస్తారో అలాగే చేయనివ్వండి," అని తలుపులు మూయించాడు. నన్ను మాత్రం లోపలికి రానివ్వలేదు. భారతమ్మ నా వైపు చూడకుండా వెళ్లి కిటికీ మూల నా చాప మీద కూర్చుంది. గంటసేపు బయట అరుగు మీద కూర్చున్నాం. మా ఆయన వచ్చాడు, మరిది కూడా వచ్చి దూరంగా నిలబడ్డాడు. ఆ గంటంత పొడుగ్గా దవాఖానలో కూడా ఏ గంటా గడవలేదు.

తలుపు తెరిచాక సారు లోపలికి వెళ్లి, కొత్త గొట్టం కొనలు విరిచి, నిలబడే నొక్కాడు. రంగు వచ్చీ రానట్టుంది.

"కింద కూసోండ్రి సారూ!" అని అరిచాను. "దాని ముక్కు ఏడున్నదో ఆడ పెట్టుండ్రి మీ గొట్టం!"

ఆయన ఒక్కక్షణం తన ప్యాంటు వైపు చూసుకున్నాడు. తర్వాత భారతమ్మ ఎదురుగా చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఇంకో గొట్టం పెట్టి, వంగి, ఆమె ముఖం దగ్గర పట్టి నొక్కాడు. రంగు ఎక్కడం మొదలైంది. మెల్లగా, తడి నూలులో రంగు పాకినట్టు, కింది నుంచి పైకి.

"నెమలికంఠం," అన్నాడు మా ఆయన, చూసిన రంగుకు పేరు చెప్పకుండా ఉండలేడు.

అది గొట్టం చివరిదాకా ఎక్కి ఇంక పోవడానికి చోటు లేక ఆగింది. సారు ఇంక నొక్కలేదు. భారతమ్మ మోచెయ్యి పట్టుకుని, "లేవండమ్మా. ముందు బయటికి పదండి," అన్నాడు. గుమాస్తా ఏదో అనబోతే వినిపించుకోలేదు. ఆ సాయంత్రానికి ఆ గదికి తాళం పడింది.

భారతమ్మ అరుగు దిగి, నీళ్ల గోలెం పక్కన నిలబడింది. ఆ గొట్టం వైపే చూస్తోంది.

"గా రంగు నా లోపల గూడ ఎక్కిందా అక్కా?" అంది. రెండు నెలల తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట అది. మరిది తల దించుకున్నాడు.

అది గోలెంలో కొంగు ముంచింది. తెల్ల కొంగు. పిండి నా చేతికి ఇచ్చింది. నేను తీసుకుని కూడా అట్లాగే నిలబడిపోయాను. చెయ్యి లేవలేదు. దవాఖానలో నా చేతిలోంచి గుడ్డ లాక్కున్న అత్తమ్మ నా వెనకే ఉంది.

"తుడువు బిడ్డా," అంది. "పసుపు నేను మల్ల పెడ్త."

చెంప మీద రుద్దాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి రంగు దిగొద్దు, రంగు దిగొద్దు అనుకుంటూ బతికిన ఇంటిదాన్ని. ఆ రోజు మా యాదగిరి నర్సింహస్వామిని దానికి ఎదురుగా, దిగాలనే వేడుకున్నాను. ఇంకోసారి రుద్దాను, మూడోసారి రుద్దాను. కొంగు విప్పి ఎండలోకి పట్టాను.

కొంగు నిండా పసుపు. చెంప మీద భారతమ్మ చామనఛాయ, పుట్టినప్పటిది.

"దిగింది," అన్నాడు మా ఆయన.